ఎనిమిదేళ్ల వారంటీ, రెండున్నరేళ్ల ప్రాజెక్టు

నేను ఇంగ్లండ్‌లో చదువుకుంటున్నానా, ఉద్యోగం చేస్తున్నానా అని మా పెదనాన్నకు ఇప్పటికీ సందేహమే. జీతం యూనివర్సిటీ ఇస్తుంది. వారంలో సగం రోజులు మాత్రం ఎలక్ట్రిక్ వ్యాన్లకు బ్యాటరీ ప్యాకులు తయారుచేసే ఒక కంపెనీలో కూర్చుంటాను. ఆ జీతంలో ఎక్కువ భాగం ప్రభుత్వ గ్రాంటు నుంచి వస్తుంది. ఇదంతా ఫోన్లో వివరంగా చెబితే ఆయన ఒకటే మాట అన్నారు: "అంటే ముగ్గురు యజమానులు. ముగ్గురికీ లెక్క చెప్పాలన్నమాట." మా హెచ్ఆర్ వాళ్లు కూడా నా ఉద్యోగం గురించి ఇంత సూటిగా చెప్పలేదు.

మేముండేది కోవెంట్రీలో. ఇవాళ్టి సైకిల్ ఆకారానికి మూలమైన రోవర్ సేఫ్టీ సైకిల్‌ను జాన్ కెంప్ స్టార్లీ 1885లో ఈ ఊళ్లోనే తయారుచేశాడు. సైకిళ్ల తర్వాత కార్లు వచ్చాయి, ఆ తర్వాత కార్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బ్రౌన్స్ లేన్‌లో జాగ్వార్ కార్ల తయారీ 2005లో ఆగింది. ఊరి పక్కనే రైటన్‌లో ఉన్న పెజో ఫ్యాక్టరీ 2006 చివర్లో మూతపడింది. మా ల్యాబ్ టెక్నీషియన్ రైటన్‌లో లైన్ మీద పనిచేసినాయనే. ప్రొఫెసర్లు వస్తుంటారు, పోతుంటారు. ఈ టెక్నీషియన్ సంతకం లేనిదే ఒక్క బ్యాటరీ సెల్‌కు కూడా వైరు తగిలించడానికి లేదు. రిస్క్ అసెస్‌మెంట్ కాగితం చదువుతూ, "మంటలొస్తే ముందు పరుగెత్తేది ఎవరు?" అని అడుగుతారు. కాగితంలో ఆ సంగతి లేకపోతే తిప్పి పంపేస్తారు. హైదరాబాద్‌లో బీటెక్ చేసినన్నాళ్లూ ల్యాబ్ అసిస్టెంట్‌కు అంత అధికారం ఉండటం నేను చూడలేదు. ఉండాల్సిందే అని ఇక్కడికొచ్చాక అనిపించింది.

ఈ ఊరి శివార్లలోనే వార్విక్ యూనివర్సిటీ ఉంది. పేరు చూసి వార్విక్ అనే ఊరికి రైలు టికెట్ కొనుక్కునే పిల్లలు ఏటా ఎవరో ఒకరు ఉంటారు. అక్కడ 1980లో డబ్ల్యూఎంజీ (వార్విక్ మాన్యుఫ్యాక్చరింగ్ గ్రూప్) అనే విభాగాన్ని మొదలుపెట్టింది బెంగళూరులో పుట్టిన కుమార్ భట్టాచార్య. యూనివర్సిటీ వాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లాలి, ఫ్యాక్టరీ వాళ్లు క్లాసుకు రావాలి అన్నది ఆయన పట్టుదల. టాటా మోటార్స్ 2008లో ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను కొన్నది కదా, ఆ టాటా, ఆ జాగ్వార్ ల్యాండ్ రోవర్, డబ్ల్యూఎంజీ కలిసి 15 కోట్ల పౌండ్లతో ఇక్కడ నేషనల్ ఆటోమోటివ్ ఇన్నోవేషన్ సెంటర్ కట్టుకున్నాయి. 2020లో ప్రారంభమైన ఆ భవనానికి భట్టాచార్య పేరే పెట్టారు. అప్పటికి ఆయన పోయి ఏడాది కావస్తోంది.

నేను పనిచేసేది అంత పెద్దచోట కాదు. మా యూనివర్సిటీ పేరూ, కంపెనీ పేరూ ఇక్కడ రాయను. మా ఒప్పందం అలాంటిది.

ఒప్పందం అంటే గుర్తొచ్చింది. గ్రాంటు మంజూరైందన్న ఉత్తరం రాగానే పని మొదలవుతుందనుకునేవాణ్ణి. ముందు భాగస్వాములంతా ఒక అగ్రిమెంట్ మీద సంతకాలు పెట్టాలి. ఎవరు ముందునుంచీ తెచ్చుకున్న పరిజ్ఞానం ఏది, ప్రాజెక్టులో పుట్టేది ఎవరికి చెందుతుంది, పరిశోధన పేపర్ వెయ్యడానికి ఎన్ని రోజుల ముందు కంపెనీకి చూపించాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. పెళ్లి కాకముందే విడాకుల్లో ఆస్తి పంపకం గురించి మాట్లాడుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. ఇరుపక్షాల లాయర్లూ నెలల తరబడి కామాలు మారుస్తూ కూర్చుంటారు. ప్రాజెక్టు ముగిసే తేదీ మాత్రం వాళ్ల కోసం అంగుళం కదలదు.

డబ్బు సంగతి మా పెదనాన్న చెప్పినట్టే లెక్కలతో నడుస్తుంది. ఇక్కడ ఇన్నోవేట్ యూకే అనే సర్కారు సంస్థ ఉంది. ఇలాంటి పారిశ్రామిక పరిశోధనకు సాధారణంగా పెద్ద కంపెనీ ఖర్చులో సగం వరకు, చిన్న కంపెనీ ఖర్చులో 70 శాతం వరకు ఇస్తుంది. ముందుగా ఇవ్వదు, ఖర్చు పెట్టాక మూడు నెలలకోసారి క్లెయిమ్ చేసుకోవాలి. మూడు నెలలకోసారే మానిటరింగ్ ఆఫీసర్ వస్తారు. ప్రతి పనికీ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులు పెట్టి చూపించాలి. ఎరుపు పెడితే అందరికీ టెన్షన్. అన్నీ ఆకుపచ్చే ఉంటే ఎవరూ నమ్మరు. అందుకే మా షీట్ ఎప్పుడు చూసినా పసుపే.

అసలు కథ బ్యాటరీ దగ్గర ఉంది.

మా కంపెనీకి కావాల్సింది ఒకే ఒక్క జవాబు: ఈ సెల్స్‌తో చేసిన ప్యాక్‌కు ఎనిమిదేళ్ల వారంటీ ఇవ్వొచ్చా? కార్ల కంపెనీలు చాలావరకు అలాగే ఇస్తున్నాయి: ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్లు, అప్పటికి కనీసం 70 శాతం సామర్థ్యం మిగలాలి. వ్యాన్లు కొనేవాళ్లు కూడా అదే అడుగుతారు. మా ప్రాజెక్టు చూస్తే రెండున్నరేళ్లు. లాయర్ల చేతిలో పోగా మిగిలింది ఇంకా తక్కువ.

ఒకసారి ఛార్జి, ఒకసారి డిశ్చార్జి కలిపితే ఒక సైకిల్ అంటాం. గంటసేపు ఛార్జి, గంటసేపు డిశ్చార్జి అనుకుంటే అలాంటి వెయ్యి సైకిళ్లకు 2,000 గంటలు పడుతుంది. అంటే మధ్యలో విశ్రాంతి ఇవ్వకుండా నడిపినా 83 రోజులు. విశ్రాంతి ఇవ్వాలి, మధ్యమధ్య కొలతలు తియ్యాలి, కాబట్టి అంతకన్నా చాలా ఎక్కువే అవుతుంది. ఇది వాడకం వల్ల వచ్చే అరుగుదల. ఊరికే షెడ్డులో ఉన్నా బ్యాటరీ ముసలిదవుతుంది. దాన్ని కొలవాలంటే కాలం గడవడం తప్ప దారి లేదు.

వేడి పెంచితే ముసలితనం తొందరగా వస్తుంది, నిజమే. ఎప్పుడూ 45 డిగ్రీలు ఉండే పెట్టెలో, అంటే ఛాంబర్‌లో పెడితే నెలల్లోనే ఫలితం కనిపిస్తుంది. కానీ వేడిలో సెల్ పాడయ్యే తీరు వేరు, చలిలో పాడయ్యే తీరు వేరు. ఛార్జి చేసినప్పుడు లిథియం వెళ్లి చేరేది గ్రాఫైట్‌లో. వేడిలో ఆ గ్రాఫైట్ మీద పొర దళసరి అవుతుంది. చలిలో వేగంగా ఛార్జి చేస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి వెళ్లలేక పైనే లోహంగా పేరుకుంటుంది. వేడిలో దొరికిన అంకెతో చలిలో ఏం జరుగుతుందో చెప్పలేం. "మన వ్యాన్లు తిరిగేది బ్రిటన్‌లో, 45 డిగ్రీలు ఎందుకు, దండగ ఖర్చు" అని కంపెనీ వాళ్లు మొదట్లో వాదించారు. విజయవాడలో మే నెల గడిపినవాణ్ణి కాబట్టి అది నాకు దండగ అనిపించలేదు. ఎండలో ఆగిన వ్యాన్‌లో ప్యాక్ ఎంత వేడెక్కుతుందో కొలిచి చూపించాక ఒప్పుకున్నారు.

ఇంకో చిక్కు ఉంది. మొదట్లో సామర్థ్యం నెమ్మదిగా తగ్గుతుంది. పొర పెరగడమే కారణమైతే ఆ తగ్గుదల రానురాను ఇంకా మందగిస్తుంది కూడా. గీత గీసుకుంటూ పోతే ఎనిమిదేళ్లకు హాయిగా 80 శాతం కనిపిస్తుంది. కానీ కొన్ని సెల్స్ ఒకచోట మోకాలు వంగినట్టు ఒక్కసారిగా పడిపోతాయి. మా రంగంలో దాన్ని మోకాలు అనే అంటారు. అది ఎప్పుడొస్తుందో మొదటి ఏడాది డేటా చూసి చెప్పడం చాలా కష్టం. ప్రొఫెసర్‌కు ఆ మోకాలే కావాలి, పేపర్ అక్కడుంది. కంపెనీకి మోకాలు రాకూడదు. నాకు ఎలా అయినా సరే, ప్రాజెక్టు ముగిసేలోపు తేలాలి.

పేపర్ అన్నాక ఇదీ చెప్పాలి. సెల్స్ వచ్చిన రోజే వాటి లేబుళ్లు ఊడదీసి ఎ, బి, సి అని పేర్లు పెడతాం. గ్రాఫులో నిలువు గీత మీద అసలు అంకెలు ఉండవు, మొదటిరోజు సామర్థ్యాన్ని 100గా తీసుకున్న శాతాలే ఉంటాయి. ఎన్ని ఆంపియర్లతో ఛార్జి చేశామో అదీ తీసెయ్యమన్నారు ఒకసారి. అది కూడా తీసేస్తే మిగిలేది వాతావరణ సూచన అని మా ప్రొఫెసర్ అలిగారు. అటూ ఇటూ మెయిళ్లు రాస్తూ కూర్చున్నది నేనే.

ఈ దాపరికం చూసి చిరాకుపడేవాణ్ణి గానీ, ఇక్కడివాళ్ల భయానికి కారణం ఉంది. లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను బ్యాటరీకి వాడొచ్చని 1980లో జాన్ గుడెనఫ్ బృందం చూపించింది ఆక్స్‌ఫర్డ్‌లోనే. దానితో బ్యాటరీ చేసి 1991లో మార్కెట్‌లో పెట్టింది జపాన్‌లో సోనీ. ఇక్కడ ఏ సెమినార్‌కు వెళ్లినా ఈ కథ ఎవరో ఒకరు ఎత్తుతారు. బొత్తాం సైజు సెల్‌ను ల్యాబ్‌లో చేతితో చేయడం ఒక ఎత్తు, అదే రసాయనాన్ని రేకు మీద నిమిషానికి పదుల మీటర్ల వేగంతో పూయడం మరో ఎత్తు. ఆ రెండింటి మధ్య అగాధం దాటించడానికే 13 కోట్ల పౌండ్లతో కోవెంట్రీలో యూకేబీఐసీ (యూకే బ్యాటరీ ఇండస్ట్రియలైజేషన్ సెంటర్) కట్టి 2021లో తెరిచారు. ఏ కంపెనీ అయినా ఫ్యాక్టరీ కట్టేముందు తన సెల్‌ను అక్కడ అసలు సైజు యంత్రాల మీద చేసి చూసుకోవచ్చు.

ప్రభుత్వాలు కూడా తేదీలు మారుస్తుంటాయి. కొత్త పెట్రోల్, డీజిల్ కార్ల అమ్మకాలు 2030 నుంచి ఆపుతామన్నారు. 2023 సెప్టెంబరులో దాన్ని 2035కు జరిపారు. ప్రభుత్వం మారాక మళ్లీ 2030 అన్నారు. తేదీ జరిగిన ప్రతిసారీ మా కంపెనీలో ఒక మీటింగ్, నా చేత ఒక కొత్త స్లయిడ్.

ఇక్కడ మాస్టర్స్ చేస్తున్న మన పిల్లలు గుళ్లోనో, పుట్టినరోజు ఫంక్షన్‌లోనో కలిస్తే అడుగుతారు. "అన్నా, యూనివర్సిటీ ఉద్యోగం సేఫ్ కదా?" అన్నాడు మొన్నొకడు. "తమ్ముడూ, జీతం ఎంత అని తర్వాత అడుగు. గ్రాంటు ఎప్పటితో అయిపోతుందో ముందు అడుగు" అన్నాను. ప్రాజెక్టుతోపాటే కాంట్రాక్టు, కాంట్రాక్టుతోపాటే వీసా. స్పాన్సర్ చేసిన ఉద్యోగం పోతే ఇంకొకటి చూసుకోవడానికి సాధారణంగా 60 రోజులిస్తారు. పక్క డెస్క్‌లో ఉండే ఇంగ్లీషు అబ్బాయిదీ ఇదే కాంట్రాక్టు, వాడికి ఆ లెక్క లేదు. వాడు ఆఖరి నెలలో పేపర్ రాసుకుంటాడు, నేను అప్లికేషన్లు రాసుకుంటాను.

దివిటిపల్లిలో అమరరాజా లిథియం సెల్ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగినప్పటి పేపర్ కటింగ్ పెదనాన్న వాట్సాప్‌లో పంపారు. "మహబూబ్‌నగర్‌కే వచ్చేస్తోందిరా నీ బ్యాటరీ" అని కింద రాశారు. ఆలోచన లేకపోలేదు. 45 డిగ్రీలు ఎందుకని అక్కడ ఎవరూ అడగరు.

మా ప్రాజెక్టు గడువు పొడిగించారు గానీ డబ్బు పెంచలేదు. నా జీతం ఇంకో ప్రాజెక్టుకు మార్చారు, ఫైనల్ రిపోర్టు వెళ్లిపోయింది. టెక్నీషియన్ మాత్రం సెల్స్ తీసెయ్యలేదు. ఛాంబర్ ఖాళీ కావాలని ఎవరైనా అడిగేదాకా నడవనీ అన్నారు. కొన్నాళ్లకు 10 డిగ్రీల ఛాంబర్‌లో రెండు సెల్స్‌కు మోకాలు వచ్చింది. కంపెనీకి చెబితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. బయట చల్లగా ఉన్నప్పుడు ఛార్జింగ్ వేగం తగ్గేలా సాఫ్ట్‌వేర్ మార్చేశారు. ఇప్పుడు చలికాలంలో ఛార్జింగ్‌కు చాలాసేపు పడుతోందని వ్యాన్ డ్రైవర్లు ఫిర్యాదు చేస్తున్నారట. దాని మీదే గ్రాంటు కోసం కొత్త బిడ్ రాస్తున్నాం. లాయర్లు అప్పుడే మెయిళ్లు మొదలుపెట్టారు.