కొన్న కిలో, గిన్నెలోకొచ్చిన కిలో

మా ఇంట్లో నలుగురం. ఊరు శ్రీకాకుళం. నెల సరుకుల ఖర్చు తగ్గిద్దామని మొదట బేరాల మీద పడ్డాను. కిలోకి రెండు రూపాయల కోసం మూడు కొట్లు తిరిగితే మిగిలింది కాళ్లనొప్పులు. బోర్డు మీద ధర ఎలా ఉన్నా, కొన్నదాంట్లో గిన్నెలోకి ఎంత వస్తోందో తూచడం మొదలెట్టాకే లెక్క దారికొచ్చింది. ఏడాదిలో ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో కొలతలతో రాస్తున్నాను. ధరలు లెక్క అర్థం కావడానికి వేసినవి. మీ ఊళ్లో ఎంతుంటే అంత వేసుకోండి.

మొదటి నెల ఏమీ తగ్గించలేదు, రాసుకున్నానంతే. పాత నోటుపుస్తకంలో నాలుగు గళ్లు: సరుకు, తూకం, ఇచ్చిన డబ్బు, అయిపోయిన తేదీ. నాలుగో గడి లేకపోతే మిగతా మూడూ దండగే. నూనె నెలకి మూడు లీటర్లు, చింతపండు నాలుగు వందల గ్రాములు, 26 కిలోల బియ్యం బస్తా ఇరవై ఏడెనిమిది రోజులు. ఇవన్నీ ఆ గడి చెప్పినవే. అంతకుముందు అడిగితే నూనె రెండు లీటర్లే అని ఒట్టేసి చెప్పేదాన్ని.

ఎక్కువ తేడా కనిపించింది నూనెలో. లీటరు నూనె తూస్తే సుమారు 910 గ్రాములు. ఒకప్పుడు ప్యాకెట్టంటే లీటరే అనుకునేవాళ్లం. ఇప్పుడు అదే సైజు కవర్లో 850 గ్రాములవి, 800 గ్రాములవి, 750వి కూడా వస్తున్నాయి. లీటరు ప్యాకెట్టు 150 రూపాయలు, పక్కనున్న 850 గ్రాములది 143 అనుకోండి. చెయ్యి 143 మీదకే పోతుంది. కిలోకి లెక్కేస్తే మొదటిది 165, రెండోది 168. డబ్బాల్లో తేడా ఇంకా పెద్దది. 15 లీటర్ల డబ్బాలో ఉండేది పదమూడున్నర కిలోల పైచిలుకు. 15 కిలోల డబ్బా అంటే పదహారు లీటర్లు దాటుతుంది. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా మాత్రం కిలో మూడు వందల గ్రాముల పైమాటే. అందుకే డబ్బా కొన్నప్పుడు ధర చెప్పగానే "కేజీ డబ్బాయా, లీటరు డబ్బాయా శెట్టిగారూ?" అని అడిగాను. డబ్బా మీద నికర బరువు చూశాకే డబ్బులిచ్చాను.

అయితే డబ్బా కొన్న నెల మా ఇంట్లో నూనె వాడకం మూడు నుంచి నాలుగు లీటర్లకి ఎగిరింది. నిండుగా కనిపిస్తే చెయ్యి జారుతుంది, అప్పడాలూ వడియాలూ రోజూ వేగుతాయి. మూత తీసిన డబ్బా మూడో నెలకి పాత వాసన కూడా పట్టింది. ఇప్పుడు డబ్బా కొనను. లీటరు ప్యాకెట్లు మూడు తెచ్చి, పది రోజులకొకటి విప్పుతాను. నలుగురికి డబ్బా లాభం కాదు. పది మంది తినే ఇల్లయితే వేరే మాట.

బియ్యం దగ్గర రెండు లెక్కలు. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకు లోపు ముద్రవేసిన బస్తాల మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. అది తప్పించడానికి మిల్లులు 26 కిలోల బస్తాలు కుట్టాయి. 25 కిలోలది 1,400, 26 కిలోలది 1,430 అయితే ముప్పై రూపాయలు తక్కువని మొదటిది తెచ్చేస్తారు. కిలో ధర చూస్తే అది 56, రెండోది 55. ఇక కొత్తబియ్యం, పాతబియ్యం సంగతి. పాతవి నీళ్లు బాగా పీల్చి ఒదుగుతాయి, కొత్తవి తొందరగా ముద్దవుతాయి. మా నలుగురికి పాతవి మూడు గ్లాసులు చాలితే కొత్తవి మూడున్నర పడుతున్నాయి. అంటే పాతవి కిలో 56 అయితే కొత్తవి 48కి దొరికితేనే సరిసమానం. జనవరిలో కొత్తబియ్యం మీద కిలోకి నాలుగైదు రూపాయలు తగ్గించి ఇస్తానంటే మేం నష్టపోతున్నట్టే. అత్తయ్యగారు మాత్రం కొత్తన్నం రుచే వేరంటారు. ఆవిడ కోసం సంక్రాంతికి రెండు కిలోలు విడిగా తెస్తాం.

ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే చిన్న అక్షరాల్లో యూనిట్ ధర ఉంటుంది. కిలో లోపు ప్యాకెట్టుకి గ్రాము లెక్కన, కిలో దాటినదానికి కిలో లెక్కన వేస్తారు. అరకిలో మీద 0.24, రెండు కిలోల మీద 225 అని ఉంటే వెంటనే పోల్చలేం. మొదటిదాన్ని వెయ్యితో హెచ్చవేస్తే 240, అప్పుడు తెలుస్తుంది. అది ఎమ్మార్పీ మీద కట్టిన లెక్క కాబట్టి కొట్టువాడు తగ్గించి ఇస్తే మళ్లీ మనమే కట్టుకోవాలి. పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక అన్న నమ్మకం కూడా వదులుకోండి. షాంపూల్లో చాలా రకాలకి రూపాయి, రెండు రూపాయల పొట్లాలే మిల్లీలీటరు లెక్కన సీసా కంటే చవక. పైగా తలస్నానానికి ఒకటి అని లెక్క కుదురుతుంది.

కిరాణా కొట్లో ఖాతా మూసేశాం. అరువు పద్దులో కిలోకి రెండు మూడు రూపాయలు ఎక్కడ కలిసేవో మాకు తెలిసేది కాదు. చేతిలో డబ్బుతో, రాసుకున్న చీటీతో వెళ్తే అదే కొట్లో ఎమ్మార్పీ కంటే తగ్గించి ఇస్తున్నారు.

పప్పుల్లో కాలం ముఖ్యం. మా వైపు వరికోతల తర్వాత మడుల్లో చల్లే మినుములు, పెసలు ఫిబ్రవరి, మార్చిల్లో ఇంటికొస్తాయి. అప్పుడు తీసుకున్నవి వర్షాకాలం దాకా నిలవాలంటే రెండు మూడు రోజులు కరకర ఎండబెట్టాలి. పెసల పురుగు పొలంలోనే గుడ్డు పెట్టి గింజతోపాటు ఇంటికొస్తుంది. డబ్బా ఎంత గట్టిగా మూసినా గింజ లోపలున్నది బయటకి వస్తుంది. ఎండ తర్వాత చల్లారనిచ్చి, కిలోకి ఒక చెంచా ఆముదం రెండు చేతులతో గింజ గింజకీ పట్టేలా రాస్తాను. వేడి మీద డబ్బాలో పోస్తే ఆవిరి చెమ్మ పట్టి బూజొస్తుంది. వండేముందు కడిగితే ఆముదం పోతుంది. గోధుమరవ్వ, మైదా లాంటివి నిలవ పెట్టడం మానుకోండి. పది కిలోల రవ్వ వానల్లో పురుగుపట్టి మూడు కిలోలు పారబోశాం, కలిసొచ్చిన డబ్బంతా అందులోనే పోయింది.

ఇడ్లీకి గుండ్ల బదులు పొట్టుపప్పు తీసుకుంటున్నాను. కడిగే పని ఉంది, పొట్టుతో కొంత తూకం పోతుంది. అయినా ధర తేడా దాన్ని మించి ఉంటోంది, పిండి కూడా బాగా పులుస్తుంది. గుండ్లయినా పొట్టుపప్పయినా పాతబడితే పిండి ఒదగదు, కాబట్టి రెండు నెలలకి మించి తేను.

చింతపండు మార్చి, ఏప్రిల్‌లో సీతంపేట సోమవారం సంతలో కొంటాను. 2022లో జిల్లాలు విడదీశాక ఆ ఊరు పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ మాకది ఇప్పటికీ మన సంతే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కాబట్టి ఈ ప్రయాణం గిట్టుబాటవుతోంది. అంతకుముందు రానూపోనూ చార్జీ వేసుకుంటే రెండు కిలోల చింతపండుకి ఏమీ మిగిలేది కాదు. పిక్కతో ఉన్నది చవక అని మొదటిసారి ఎగబడ్డాను. ఇంటికొచ్చి పిక్కా, ఈనెలూ తీసి తూస్తే కిలోకి 550 గ్రాములే వచ్చింది. పిక్కతో 70 పెట్టి కొంటే గుజ్జు కిలో 127 పడ్డట్టు. అక్కడే పిక్క తీసింది 130కి అమ్ముతున్నారు. మూడు రూపాయల కోసం మధ్యాహ్నమంతా రోకలి పట్టుకు కూర్చోవడం దండగ. ఏడాదికి అయిదు కిలోలు చాలు. ఒకరోజు ఎండలో పెట్టి, జాడీలో పొరకొక గుప్పెడు కళ్లుప్పు వేసి నొక్కుతాను. పులుపు లోహాన్ని తింటుంది, అందుకే సత్తు గిన్నె, ఇనప డబ్బా పనికిరావు. నిలవున్న కొద్దీ రంగు నల్లబడుతుంది, అది పాడైనట్టు కాదు.

సంతలో చోళ్లు, ఉలవలు కొందరు కొలతతో అమ్ముతారు. గింజని బట్టి, నింపే చేతిని బట్టి కొలత బరువు మారుతుంది. చేతి సంచిలో వేలాడదీసే చిన్న త్రాసు ఒకటి ఉంచుకుంటే ఎవరితోనూ గొడవపడకుండా కిలో ధర తేలిపోతుంది.

పలాస వెళ్లినప్పుడు జీడిపప్పు. 180, 210, 240, 320 అనే అంకెలు పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్తాయి. అంకె పెరిగితే గుండు చిన్నది, ధర తక్కువ. రుచిలో తేడా లేదు. బద్ద ఇంకా చవక, ముక్క మరీ చవక. పాయసానికి బద్ద, కూరలో ముద్ద నూరడానికి ముక్క చాలు. గుండ్లు పళ్లెంలో పెట్టి చుట్టాలకి ఇచ్చేటప్పుడే కావాలి. ముక్కలో పిండిలాంటి పొడి ఎక్కువుంటే తీసుకోను, అందులోనే పురుగు దాక్కుంటుంది.

కోడిమాంసంలో బోర్డు మీద మూడు ధరలుంటాయి. రెండు కిలోల కోడి తోలు తీసి శుభ్రం చేశాక కిలో మూడు వందల దగ్గర తూగింది. బతికున్నది కిలో 140 అయితే ముక్క కిలోకి 215 పడ్డట్టు. తోలు లేనిది 240 అని రాసి ఉంటే కోడినే తూయించుకుంటాను. రొయ్యల్లో తలా పొట్టూ పోగా సగమే మిగులుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఎండుచేపలే, అవీ ఫిబ్రవరిలో కొని పెట్టినవి. కూరగాయలకి రైతుబజారు గేటు దగ్గర రేటు బోర్డుంటుంది. ముందు అది చదివి లోపలికి వెళ్లడం తప్ప నేను కొత్తగా కనిపెట్టింది లేదు.

గ్యాస్ బండ వచ్చినప్పుడు తూకం చూస్తాను. బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కలపాలి. 15.3 అని ఉంటే మొత్తం 29.5 తూగాలి. పప్పు అరగంట నానబెట్టి కుక్కర్లో పెట్టడం మొదలెట్టాక బండ అయిదారు రోజులు ఎక్కువొస్తోందని నోటుపుస్తకం చెప్తోంది.

ఈ మార్చికి జాడీ కడిగి ఎండబెట్టాలి. మినుములు పోయినసారి పది కిలోలు తెస్తే ఆగస్టుకే అయిపోయాయి. ఈసారి పద్నాలుగు.