కెమెరాకు నచ్చే పక్క

ఫోటో అనగానే ఎడమ చెంప కెమెరా వైపు తిప్పడం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. ఆ వైపు సొట్ట పడుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు అమ్మడం మొదలుపెట్టాక ఆ అలవాటు కాస్తా నియమమైంది. జబ్బుకు కూడా సరిగ్గా ఆ చెంపే దొరికింది.

నిరుడు చలికాలంలో ఒక ఉదయం పుక్కిలిస్తుంటే నీళ్లు పెదవి మూల నుంచి కారిపోయాయి. ఎడమ కన్ను మూతపడలేదు. అత్తయ్య చూసి పక్షవాతమేనని గుండెలు బాదుకున్నారు. పక్కింటావిడ పావురం రక్తం రాయమన్నారు. మా ఆయన అవేవీ వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్లారు.

డాక్టరుగారు నుదురు ముడివేయమన్నారు. ఎడమ సగంలో ఒక్క ముడతా పడలేదు. మెదడు దెబ్బతిని పక్షవాతం వస్తే సాధారణంగా నుదురు కదులుతుందట. అదీ కదలలేదంటే ముఖాన్ని ఆడించే ఏడో నరం వాచి, చెవి దగ్గర ఎముకలోని ఇరుకు దారిలో నలిగిందన్నమాట. బెల్స్ పాల్సీ అన్నారు. స్టిరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెట్టాలని ఆ రోజే ఇచ్చారు. కంటికి పగలు చుక్కల మందు, రాత్రి రెప్ప మీద టేపు. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుందని ధైర్యం చెప్పారు.

చెవికి వినపడింది కానీ మనసుకు ఎక్కలేదు. దుప్పటి కప్పుకుని సెల్ఫీలు తీసుకుంటూ కూర్చున్నాను. తెర మీద ఎడమవైపు జారిన మూతి, తీసిన ఫోటోలో కుడివైపు కనబడింది. రెండో పక్కకూ పాకిందని ఏడ్చాను. తెర మీద అద్దంలా చూపించి, దాచేటప్పుడు ఫోను తిప్పేస్తుందని మా ఆయన వివరించి, ‘నాకు రోజూ కనబడేది ఈ రెండోదే’ అన్నారు. 1977లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలోనూ ఇంతే: మనుషులకు తమ అద్దపు ముఖం నచ్చింది, వాళ్ల స్నేహితులకు అసలు ముఖం నచ్చింది. ఇక బ్యూటీ ఫిల్టర్ పెడితే చర్మం నిగనిగలాడింది, మూతి మాత్రం వంకరగానే ఉంది.

ఆ సెల్ఫీలన్నీ ఫిజియోథెరపిస్టుకు చూపిస్తే, ‘ఇవి పనికిరావమ్మా’ అన్నారావిడ. వేరేవాళ్లతో, వెనక కెమెరాతో, అయిదడుగుల దూరం నుంచి తీయించమన్నారు. మామూలుగా ఒకటి, కనుబొమలు ఎత్తి ఒకటి, కళ్లు గట్టిగా మూసి ఒకటి, బుగ్గలు పూరించి ఒకటి, పళ్లు కనబడేలా నవ్వుతూ ఒకటి. అంత దూరం ఎందుకో తర్వాత చదివి తెలుసుకున్నాను. 12 అంగుళాల నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, అయిదడుగుల నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్క కట్టారు. ఇన్నేళ్లూ సన్నగా చూపించాలని నేను తంటాలు పడిన ముక్కు అసలు నాది కానే కాదు!

ప్రతి ఆదివారం మా ఆయన ఫోటోలు తీసేవారు. చీరల వీడియోల్లో చేతులు మాత్రమే చూపించాను. అమ్మకాలేమీ తగ్గలేదు. నిజం చెప్పాలంటే అది కాస్త నొప్పించింది.

ఒకసారి ఫిజియోథెరపిస్టు రెండు ఆదివారాల ఫోటోలు పక్కపక్కన పెట్టి, ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా వేలితో గీసి చూపించారు. జబ్బు చేశాక ఆ చోటు నున్నగా, ఇస్త్రీ చేసినట్టు అయిపోయింది. ఇప్పుడక్కడ సన్నటి గీత పడుతోంది. ఫిల్టర్‌తో నేను ముందుగా చెరిపేసుకునే గీత అదే. అది రోజురోజుకూ లోతవుతుంటే పండగలా ఉండేది.

దాదాపు అంతా తగ్గింది. నవ్వితే మాత్రం ఎడమ కన్ను కాస్త చిన్నదవుతుంది. నరం తిరిగి పెరిగేటప్పుడు మూతికి పోవాల్సిన కొన్ని పోగులు కంటికి చేరాయట. మొన్న ఆడపడుచు పెళ్లి ఆల్బమ్‌లో ఫోటోగ్రాఫర్ నా ఎడమ కన్ను తీసేసి, మరో ఫోటోలోని కన్ను అతికించి పంపాడు. ఉన్నదే పెట్టమన్నాను. ‘సగం మూసుకున్నట్టుంది కదా మేడం’ అన్నాడు. మూసుకుంటే మూసుకోనీ అన్నాను. మార్చినందుకు అదనంగా డబ్బులడగలేదు, అదే పదివేలు.