45 కాగితపు బతుకమ్మలు

మా మేనత్తలిద్దరూ భివండిలో, చిన్నమ్మ కుటుంబం సూరత్‌లో స్థిరపడి ముప్పై ఏళ్లు దాటింది. మా వైపు నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన ఎన్నో పద్మశాలి కుటుంబాల మాదిరిగానే వారు కూడా దసరాకు వీలైతే వస్తారు, వీలు కాకపోతే ఫోన్ చేస్తారు. నిరుడు ఒకే బతుకమ్మ బొమ్మ నాకు ఉదయం పది గంటలలోపే నలుగురి నుంచి ఫోన్‌కు వచ్చినప్పుడు, వచ్చే పండుగకు చేతితో చేసిన కార్డులే పోస్టులో పంపాలని నిశ్చయించుకున్నాను. చుట్టాల జాబితా రాసుకుంటే లెక్క 45కు వచ్చింది. హన్మకొండలోని మా ఇంట్లో, భోజనాల బల్ల మీద, ఈ సంవత్సరం శ్రావణంలో మొదలుపెట్టిన ఆ పని పూర్తికావడానికి ఐదు వారాలు పట్టింది. అందులో మూడు వారాలు తప్పులు దిద్దుకోవడానికే సరిపోయాయి.

అంతకుముందు ఒకసారి పుట్టినరోజు కార్డును ముచ్చటపడి చేసి, చివరికి ఏ కవరులోనూ పట్టక చేతికే ఇచ్చి రావలసి వచ్చింది కాబట్టి, ఈసారి ముందుగా కవర్లు కొన్నాను. 114 మిల్లీమీటర్ల వెడల్పు, 162 మిల్లీమీటర్ల పొడవు ఉండే సీ6 కవరు స్టేషనరీ దుకాణాల్లో తేలికగా దొరుకుతుంది. 148, 210 మిల్లీమీటర్ల ఏ5 ముక్కను సగానికి మడిస్తే 105, 148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది, అది ఆ కవరులో చుట్టూ కాస్త ఖాళీతో కూర్చుంటుంది. బతుకమ్మగా పేర్చి అతికించే కాగితపు పువ్వులు కార్డు మీద ఉబ్బెత్తుగా నిలుస్తాయి గనుక ఆ కాస్త ఖాళీ చాలా అవసరం.

కాగితం దగ్గర మాత్రం నేను రెండుసార్లు మోసపోయాను, రెండుసార్లూ నా చేతులారానే. వరంగల్ చౌరస్తా దగ్గర 300 జీఎస్ఎం అట్టకాగితం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగేది, 22 అంగుళాలకు 28 అంగుళాల పెద్ద షీట్లు 5 కొని, పెళ్లి పత్రికలు అచ్చువేసే ఒక ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద కోయించాను. కోసే అతను షీటుకు తొమ్మిది ముక్కలు వచ్చేలా లెక్క వేసి, సరిగ్గా 45 ముక్కలు చేతికిచ్చాడు. ఒక్క ముక్క కూడా వృథా కాలేదని ఇద్దరమూ సంతోషించాము. ఇంటికి వచ్చి మొదటి కార్డు మడవగానే మడత వెంట కాగితం పైపొర పగిలి, లోపలి తెల్లని పీచు బయటపడింది. రెండోది, మూడోది కూడా అంతే.

కారణం తెలియడానికి రెండు రోజులు పట్టింది. కాగితం తయారయ్యేటప్పుడు దానిలోని పీచు ఎక్కువగా యంత్రం నడిచే దిశలోనే పరుచుకుంటుంది, ప్రెస్సువాళ్లు దాన్ని గ్రెయిన్ అంటారు. ఆ దిశకు సమాంతరంగా మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే, ముఖ్యంగా మందపు కాగితంలో, పగులుతుంది. షీటును రెండు వైపుల నుంచీ కొద్దిగా వంచి చూస్తే సులువుగా వచ్చే వంపు గీత ఏ వైపు ఉంటుందో అదే గ్రెయిన్ దిశ అని చేతికే తెలిసిపోతుంది. నేను కొన్న షీట్లలో గ్రెయిన్ 28 అంగుళాల అంచు వెంట ఉంది. తొమ్మిది ముక్కల లెక్కలో ప్రతి కార్డు మడతా దానికి అడ్డంగా పడింది. మడత గ్రెయిన్ వెంట రావాలంటే ముక్కలను అటుది ఇటు తిప్పి కోయాలి, అప్పుడు షీటుకు ఎనిమిదే వస్తాయి. రెండోసారి 250 జీఎస్ఎం షీట్లు 6 కొని, ఎనిమిదేసి చొప్పున 48 ముక్కలు కోయించుకున్నాను. మడిచే ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు పట్టి, మడత గీతను ఒక్కసారి గట్టిగా గీసుకుంటే చాలునని కూడా అప్పుడే నేర్చుకున్నాను. పాత 45 ముక్కలు వృథా పోలేదు. మా అబ్బాయి బడి ప్రాజెక్టుల పేరుతో వాటిని ఇప్పటికీ వాడుకుంటున్నాడు.

పంచ్‌ల విషయానికి వస్తే, కాగితాన్ని నొక్కి ఆకారాలుగా కోసే ఈ పనిముట్లలో మార్కెట్లో కనిపించే ఆకారాలన్నీ కొనాలనిపించడం సహజమే గాని, నాకు చివరికి అక్కరకు వచ్చినవి మూడే: అర అంగుళం ఐదు రేకుల పువ్వు, చిన్న ఆకు, ఆఫీసు ఫైళ్లకు రంధ్రాలు వేసే మామూలు పంచ్. తంగేడు పువ్వుకు రేకులు ఐదే కాబట్టి పసుపు కాగితంలో ఆ పంచ్ వేస్తే తంగేడుకు దగ్గరగానే ఉంటుంది. అదే పువ్వును నారింజ రంగులో రెండు పొరలు వేసి, రేకులను గోటితో పైకి లేపితే బంతి అనుకోవచ్చు, నీలంలో వేస్తే కట్ల పువ్వు. ఫైళ్ల పంచ్ నుంచి రాలే చిన్న పసుపు చుక్క శిఖరం మీద గౌరమ్మ అయింది. కింద పువ్వులు పేర్చే పళ్లెం, అంటే సిబ్బి కోసం బంగారు రంగు కాగితాన్ని కత్తెరతోనే కోశాను.

ఒక్కో కార్డు మీద అడుగున ఏడు తంగేడు, దాని పైన ఆరు బంతి, తర్వాత ఐదు తంగేడు, ఆ పైన నాలుగు కట్ల, శిఖరానికి కింద మూడు గునుగు చొప్పున వరుసలు పేర్చాలని గీసుకున్నాను. గునుగుకు పంచ్ లేదు. సన్నని గులాబీ రంగు పట్టీని ఒక అంచున కత్తెరతో కుచ్చులా కోసి, చుట్టి, మొదట్లో జిగురు పెడితే గునుగు కంకిలా నిలబడుతుంది గాని ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుంది, అందుకే మూడింటితో సరిపెట్టాను. మిగిలిన 22 పువ్వులు పంచ్‌తో చేయవచ్చు. 45 కార్డులకు 990 పువ్వులు, బంతికి రెండో పొర 270, మొత్తం 1,260 నొక్కుళ్లు! ఈ లెక్కను పని మొదలుపెట్టే ముందు వేసుకోకపోవడం నా తెలివితక్కువతనమే. మూడో రోజుకు కుడి అరచేతిలో బొబ్బ లేచింది.

మా అత్తమ్మ అది చూసి, "ఏంది బిడ్డా, కాయిదాలకు గింత బలం పెడుతున్నవ్? కింద బట్టేసి, చపాతీ కట్టెతోని అదుము" అన్నారు. పంచ్‌ను నేల మీద మడత వేసిన తువ్వాలు మీద ఉంచి, చపాతీ కర్రను మీట మీద అడ్డంగా పెట్టి రెండు చేతులతో అదిమితే నిజంగానే శ్రమ సగానికి తగ్గింది. ఇంటర్నెట్‌లో ఎక్కడా చూడని ఈ కిటుకును ఆ తర్వాత నేను మరో ఇద్దరికి చెప్పాను.

పంచ్‌లో ఏ కాగితం పడితే అది వేయకూడదన్నది ఇంకో పాఠం. కార్డుకు వాడిన 250 జీఎస్ఎం అట్ట ఆ చిన్న పంచ్‌కు బరువే, 120 నుంచి 160 జీఎస్ఎం మధ్య రంగు కాగితమైతే అంచు శుభ్రంగా తెగుతుంది. మెరుపు పొడి అద్దిన షీటు అందంగా ఉందని వేస్తే పంచ్ నోరు పట్టేసి, అచ్చు పైకి రాకుండా ఇరుక్కుపోయింది, సూదితో మెల్లగా కదిలిస్తే గాని ఊడి రాలేదు. ఆ తర్వాత రేకుల అంచులు పీచుపీచుగా రాసాగాయి. రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగు మడతలు వేసి పదిహేనుసార్లు పంచ్ చేస్తే అంచు కొంత తేరుకుంది. దాన్ని పదును పెట్టడం అంటారు గాని, నాకు తోచినంతవరకు అది అంచుకు అంటిన మురికిని తుడిచి చిన్న గరుకును సరిచేయడమే. మైనం పూసిన కాగితాన్ని నాలుగుసార్లు పంచ్ చేస్తే మీట బిగుతు కూడా తగ్గుతుంది.

ఇక కార్డు మీద అక్షరాలు ముద్ర వేసే స్టాంపులు. ఆన్‌లైన్‌లో దొరికే స్టాంపుల సెట్లలో అక్షరాలన్నీ ఇంగ్లీషులోనే కనిపించాయి, తెలుగులో పండుగ శుభాకాంక్షలున్న స్టాంపు నాకు ఎంత వెతికినా దొరకలేదు. అందుకని ఆఫీసు ముద్రలు తయారుచేసే ఒక చిన్న దుకాణాన్ని ఆశ్రయించాను. అక్కడ రబ్బరు స్థానంలో ఇప్పుడు పాలిమర్ వాడుతున్నారు: అక్షరాలను పారదర్శకమైన ఫిల్ము మీద నెగెటివ్‌గా తీసి, దాని మీద వెలుతురు తగిలితే గట్టిపడే జిగట ద్రవాన్ని పోసి, అతినీలలోహిత కాంతిలో ఉంచితే అక్షరాల మేర గట్టిపడుతుంది, మిగిలినది కడిగితే పోతుంది. చెక్క పిడి వద్దని, పాలిమర్ ముక్క మాత్రమే ఇవ్వమని అడిగాను. దాన్ని పారదర్శకమైన అక్రిలిక్ దిమ్మెకు అంటించుకుంటే ముద్ర ఎక్కడ పడుతున్నదో పైనుంచే కనిపిస్తుంది.

నేను ఫోన్‌లో పంపిన "బతుకమ్మ పండుగ శుభాకాంక్షలు" అన్న వాక్యం వారి కంప్యూటరులోని పాత అను ఫాంట్లలోకి నేరుగా ఎక్కదట, కాబట్టి కుర్రవాడు మళ్లీ టైపు చేశాడు. తెర మీద చూపిస్తే నేను అక్షరాల సొగసు చూశానే గాని అక్షరాలు చూడలేదు. మర్నాడు ఇంటికి తెచ్చి ముద్ర వేస్తే "శుభాకాక్షలు" అని పడింది. సున్న ఎగిరిపోయింది. సున్న లేకపోవడం ఒక్కటే కాదు, వాక్యమంతా ఒకే వరుసలో 70 మిల్లీమీటర్లకు కుదించడంతో "మ్మ" కింది వత్తు, "క్ష" లోపలి ఖాళీ సిరాతో పూడిపోయి నల్లని చుక్కలుగా మిగిలాయి. ఇంగ్లీషు అక్షరాలు ఆ పరిమాణంలో బాగానే వస్తాయి. మన లిపికి పైన గుడి, తలకట్టు, కింద వత్తు, మధ్యలో సున్న చుట్లు ఉంటాయి గనుక ఎక్కువ ఎత్తు కావాలి. ఈసారి దుకాణదారే, "వత్తులు పూడకుండ రావాలంటే సన్నగీత ఫాంటు పెట్టి, రెండు లైన్లు చేద్దాం మేడం" అని సలహా ఇచ్చి, సగం ధరకు మళ్లీ చేసి పెట్టాడు. పై వరుసలో "బతుకమ్మ" పెద్దగా, కింది వరుసలో "పండుగ శుభాకాంక్షలు" కొంచెం చిన్నగా వచ్చాయి. ప్రతి అక్షరాన్నీ ఈసారి వేలు పెట్టి, బిగ్గరగా చదివాను.

పాలిమర్ ముక్కలో చోటు మిగిలింది కాబట్టి కవరు వెనుక వేయడానికి ఓరుగల్లు కోటలోని కీర్తి తోరణం బొమ్మను కూడా చేర్చమన్నాను. 25 మిల్లీమీటర్లలో అడ్డదూలం మీది హంసలు కనిపించకుండా పోయాయి. రెండు స్తంభాలు, అడ్డదూలం నిలిచాయి, తోరణమని గుర్తుపట్టడానికి అవి చాలు.

కొత్త స్టాంపు మీద సిరా మొదట చుక్కలుగా విడిపోయింది. దాని మీద ఉన్న జిడ్డు పొరను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే సర్దుకుంది. స్టాంపును ప్యాడ్ మీద గట్టిగా అదమడం కంటే, ప్యాడ్‌నే తలకిందులుగా పట్టి స్టాంపు మీద తేలికగా తడుతూ పోతే సిరా సమంగా అంటుతుంది, కాగితం కింద పాత పత్రికలు మూడు నాలుగు పరిస్తే మూలలు కూడా పడతాయి. ఆఫీసు ఊదా సిరా పీచు వెంట పాకి అక్షరం లావెక్కింది. పిగ్మెంటు సిరా పాకదు గాని కాగితం పైనే నిలిచి, భాద్రపదపు ముసురులో గంట గడిచినా ఆరలేదు.

ఆ ఆరని గుణాన్నే వాడుకొని "బతుకమ్మ" అన్న మాటను ఉబ్బెత్తు అక్షరాలుగా చేశాను. స్టాంపును కత్తెరతో రెండు వరుసలుగా విడదీసి, పై వరుసను మాత్రం పిగ్మెంటు సిరాతో వేసి, తడి మీద బంగారు రంగు ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలినది దులిపేశాను. ముందుగా కాగితానికి టాల్కం పౌడరు పలుచగా అద్దితే పొడి అక్కరలేని చోట అంటుకోదు. పొడిని కరిగించడానికి హెయిర్ డ్రయ్యర్ పెడితే, దాని వేడి చాలలేదు సరికదా, గాలికి బంగారమంతా బల్ల పాలైంది. హీట్ గన్ కొనే ఉద్దేశం లేదు కాబట్టి, అట్ల పెనాన్ని వేడిచేసి, స్టవ్ ఆపి, కార్డును బొమ్మ పైకి ఉండేలా మూడు అంగుళాల ఎత్తులో పట్టుకున్నాను. కాసేపటికి పొడి ఒక అంచు నుంచి మెరుస్తూ కరిగి అక్షరమంతా పరుచుకుంది. ఆ క్షణం చూడడానికి మా అబ్బాయి ప్రతి కార్డుకూ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

అతికించడం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. తెల్ల జిగురులోని నీటికి పలుచని కాగితం ముడుచుకుంటుంది, పువ్వు మధ్యలో ఆవగింజంత పెడితే చాలు. అడుగు వరుసకు మాత్రం ఫోమ్ టేపు ముక్కలు పెట్టి కాస్త పైకి లేపాను.

పోస్టాఫీసుకు వెళ్లే ముందు వంటింటి డిజిటల్ కాటా మీద తూచాను. పాత 300 జీఎస్ఎం ముక్కతో చేసిన నమూనా కవరుతో కలిపి 21 గ్రాములు వచ్చింది, కొత్తది 19. మామూలు ఉత్తరానికి మొదటి మెట్టు 20 గ్రాములే గనుక, పగిలిన మడత నన్ను 45 కవర్ల మీద అదనపు తపాలా స్టాంపుల ఖర్చు నుంచి కూడా తప్పించింది. పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు, పది రోజుల ముందు అన్నీ పోస్టు చేశాను. వేసే ముందు మడత పగిలిన నమూనాను, సున్న ఎగిరిన ముద్రను మాత్రం డ్రాయరులో పెట్టుకున్నాను.

బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాడు సాయంత్రం భివండి నుంచి పెద్ద మేనత్త ఫోన్ చేసింది. కార్డును దేవుని అర్రలో పెట్టిందట, చుట్టుపక్కల వాళ్లందరికీ చూపించిందట. అంతా చెప్పి, చివరికి, "అన్నీ మంచిగున్నయి గని బిడ్డా, గునుగు గింత తక్కువేస్తరా? తంగేడెంతనో గునుగంత ఉండాలె" అన్నది. గునుగుకు పంచ్ లేదని ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, వచ్చే ఏడు సరిచేస్తానన్నాను. మిగిలిన మూడు ఏ5 ముక్కల మీద ఆ రాత్రే కొత్త వరుసలు గీశాను: అడుగున ఏడు తంగేడు, దాని మీద ఆరు గునుగు, మళ్లీ ఐదు తంగేడు, నాలుగు గునుగు. 45 కార్డులకు 450 గునుగు కంకులు, ఒక్కోదానికి రెండు నిమిషాల చొప్పున 15 గంటలు. ఈసారి ఉగాదికే మొదలుపెట్టాలి.