దండెం మీద పద్దెనిమిది

పొద్దున ఐదున్నరకి పాప లేచింది. గుడ్డ డైపర్ విప్పగానే ఘాటు గుప్పుమని ముక్కుకి తగిలి కళ్లు చెమ్మగిల్లాయి. రాత్రంతా ఒంటి మీదున్న గుడ్డకి కొంత వాసన ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. కడిగి, తుడిచి, ఉతికి ఆరిన గుడ్డ వేశాను. ఇరవై నిమిషాలకే మళ్లీ తడిపింది. విప్పితే అదే ఘాటు. అప్పుడు పట్టుకుంది భయం. లైటు కిందికి తీసుకెళ్లి చూస్తే తొడల మడతల్లో ఎర్రగా కందిపోయి ఉంది. వేలు తగిలిందో లేదో కాళ్లు ముడుచుకుని ఏడుపు అందుకుంది.

ఇంట్లో ఈ గుడ్డలు ఉతికేది నేను. పాప పుట్టకముందే నేనూ మా ఆవిడా అనుకున్న మాట అది. పాలివ్వడం నావల్ల కాని పని, ఉతుకు నావల్ల అయ్యే పని. ఎనిమిది నెలలుగా ఒక్కరోజు కూడా తన మీదికి నెట్టలేదు. కాబట్టి ఆ ఎరుపు నా చేతి మీదుగా వచ్చిందే.

అప్పుడే పోసిన మూత్రానికి అంత వాసన ఉండదు. అందులోని యూరియాని బాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైముతో విడగొడితే అమ్మోనియా పుడుతుంది. దానికి గంటలు పట్టాలి. ఇరవై నిమిషాల్లో ఘాటెక్కిందంటే ఆ బాక్టీరియా, పాత మూత్రపు మడ్డి ఉతికిన గుడ్డలోనే తిష్ఠ వేసుకుని ఉన్నాయన్నమాట. తెల్లగా కనిపిస్తోంది కదా అని నేను శుభ్రమనుకున్నాను.

“ప్రయాణాలకని కొన్న, వాడి పారేసే డైపర్లు ఉన్నాయి కదా, ఒళ్లు మానేదాకా అవి వేద్దాం” అంది తను. సరేనన్నాను. ఇందులో పంతానికి పోవాల్సిందేమీ లేదు. పాప ఒళ్లు ముందు, తర్వాతే ఏదైనా.

పారేసే డైపర్ తడి లాగేస్తుందనడంలో అబద్ధం లేదు. మధ్యలో చెక్క గుజ్జుతోపాటు సోడియం పాలీయాక్రిలేట్ అనే పొడి ఉంటుంది, అది తన బరువుకి ఎన్నో రెట్లు నీటిని పీల్చి జెల్‌లా ఉబ్బుతుంది. ఒంటికి తగిలే పొర పాలీప్రొపిలీన్, బయటిది పాలిథిలీన్, రెండూ ప్లాస్టిక్కే. ఆ జెల్ సంగతి నాకు కిందటి నెల బాగా తెలిసింది. పారేసే డైపరొకటి పొరపాటున గుడ్డల్లో కలిసి మెషీన్‌లోకి వెళ్లిపోయింది. తలుపు తీస్తే ప్రతి గుడ్డకీ జిగురు పూసలు అంటుకుని ఉన్నాయి. ఉప్పు కలిపిన నీళ్లు తగిలితే ఆ జెల్ పట్టుకున్న నీటిని వదిలేసి కుంగిపోతుంది. ఆ చిట్కాతోనే బయటపడ్డాను, గంటన్నర పట్టింది. మూడు గంటలు వాడిన వస్తువు అది. అది మట్టిలో కలిసేనాటికి దాన్ని వాడిన పిల్లే ఉండదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది.

తొమ్మిదింటికి అమ్మకి ఫోన్ చేశాను. విషయమంతా విని, “ఒరేయ్, సబ్బు ఎంత వేస్తున్నావ్?” అంది.

“అర చెంచా. పసి ఒళ్లు కదమ్మా, ఎక్కువైతే పడదేమోనని.”

“అర చెంచాకి ఏం పోతుందిరా? సబ్బు పడక కాదు, మురికి పోక కందింది దాని ఒళ్లు. నీ గుడ్డలు నేను మరిగే నీళ్లలో ఉడకబెట్టేదాన్ని. సబ్బు బాగా పెట్టి, ఆ సబ్బు పోయేదాకా జాడించేదాన్ని. తక్కువ వెయ్యడం కాదు, బాగా వదలగొట్టడం నేర్చుకో.”

ఒక్క మాటలో ఎనిమిది నెలల నా జాగ్రత్త తలకిందులైపోయింది. నిజానికి ఆ అర చెంచా మొదట్లో సరిపోయింది. ఒట్టి పాలు తాగే పసికందు మురికి వేరు, నీళ్లలో తేలిగ్గా కరిగిపోతుంది. గట్టి ఆహారం మొదలయ్యాక అన్నీ మారాయి. నేనొక్కణ్ణే మారలేదు. పైగా మా నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ, వేసిన కాస్త సబ్బులోనూ కొంత వాటికే ఖర్చయిపోతుంది.

గుడ్డలన్నీ పోగేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. పద్దెనిమిది లోపలి గుడ్డలు. ముందు కొద్దిగా సబ్బుతో ఒక చిన్న ఉతుకు, మూత్రం వదలడానికి. ఆ మురికి నీళ్లు పోయాక పూర్తి కొలత సబ్బుతో, 60 డిగ్రీల వేడిలో పొడుగాటి ఉతుకు. మెషీన్ మరీ ఖాళీగా ఉంటే గుడ్డలు నీళ్లలో ఊరికే తేలుతాయి, కుక్కేస్తే కదలవు. ఒకదానితో ఒకటి రాసుకుంటేనే మురికి వదులుతుంది. అందుకని చేతి తువ్వాళ్లు నాలుగు కలిపాను. ఒకసారితో తృప్తి కలగక అదే వరస ఇంకోసారి తిప్పాను. చివర్న రెండుసార్లు జాడింపు. మెత్తదనం కోసం వేసే కండిషనర్ మాత్రం ఎప్పుడూ వెయ్యను, అది పోగుల మీద పూతలా పట్టి గుడ్డ తడి పీల్చకుండా చేస్తుంది. జింక్ ఆక్సైడ్ ఉన్న రాష్ క్రీములు కూడా గుడ్డకి అంటుకుంటే అంతే. ఇకమీదట క్రీము రాసిన రోజున పైన పల్చటి విడి గుడ్డ ఒకటి పరుస్తాను.

గుడ్డ మీద తొడిగే, నీరు కారని పై కవర్లకి ఆ వేడి పనికిరాదు. పాలిస్టర్ బట్టకి వెనక పాలీయురిథేన్ పొర అతికించి చేస్తారు, మరీ వేడి తగిలితే పొర ఊడి నీరు కారుతుంది. వాటిని గోరువెచ్చని నీళ్లలో చేత్తో ఉతికాను. నొక్కు గుండీలు ఒక్కొక్కటే చూసుకుంటూ ఉతుకుతుంటే మేరియన్ డొనొవన్ గుర్తొచ్చింది. అమెరికాలో 1946లో, తడిసిన డైపర్‌తోపాటు పక్కబట్టలు కూడా రోజూ మార్చలేక విసిగిన ఆ తల్లి స్నానాల గది తెర కత్తిరించి, మిషను మీద కుట్టి, నీరు కారని కవర్ తయారుచేసింది. పిన్నీసుల బదులు నొక్కు గుండీలు పెట్టింది. తయారీదారులెవరూ పట్టించుకోకపోతే తనే చేసి 1949లో న్యూయార్క్ దుకాణంలో అమ్మకానికి పెట్టింది, 1951లో పేటెంటు వచ్చింది. పేరు బోటర్, చూడ్డానికి పడవలా ఉంటుందని. పారేసే పాంపర్స్ 1961లో వచ్చాయి. పడుకున్న బిడ్డని లేపకుండా పక్క పొడిగా ఉంచాలన్న ఒక తల్లి ఆరాటం ఈ గుండీల్లో ఉంది. వాటిని ముట్టుకున్నప్పుడల్లా నాకామె మీద గౌరవం కలుగుతుంది.

పదకొండున్నరకి దండెం మీద వేశాను. మరకలున్న వైపు ఎండకి తిప్పి, పద్దెనిమిదీ వరసగా. మరక మీద ఎండ చేసే పని ఏ మందూ చెయ్యదు.

ఈ ఆరేసే చోటే అసలు లెక్కంతా ఉందని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో లెక్క కట్టినప్పుడు, ఒక బిడ్డకి రెండున్నరేళ్లలో పారేసే డైపర్ల వల్ల సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు వెలువడితే, గుడ్డవాటి వల్ల 570 కిలోలు! మొదటిసారి చదివినప్పుడు గుండె జారింది. కిందకి చదివితే కారణం కనిపించింది. పారేసేవాటిలో భారమంతా తయారీలో, గుడ్డవాటిలో వాడేవాళ్ల చేతిలో. మెషీన్ నింపి ఉతికి, డ్రయ్యర్ మానేసి బయట ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకీ వాడితే ఆ 570లో దాదాపు 40 శాతం తగ్గుతుంది. 2023లో అక్కడి ప్రభుత్వమే వెలువరించిన కొత్త లెక్కలోనైతే గుడ్డవాటిది పారేసేవాటికన్నా 25 శాతం తక్కువ. అంటే గుడ్డ కొన్నంత మాత్రాన ఏమీ ఒరగదు. బాగా ఉతకాలి, అనవసరంగా ఉతకకూడదు, గాలికి ఆరెయ్యాలి. ఇవాళ రెండుసార్లు తిప్పిన వేడినీళ్లు నా లెక్కలో నేను ఖర్చు రాసుకోవాల్సిందే. ఆ అర చెంచా పొదుపుకి కట్టిన జరిమానా అది.

పారేసేవి మానేసి మార్చుకున్న మిగతావి దీనంత కష్టపెట్టలేదు. తుడవడానికి తడి వైప్స్ బదులు చిన్న నూలు ముక్కలు, ఒక డబ్బాలో నీళ్లు. ఆ వైప్స్‌లో చాలావాటిలో పాలిస్టర్ పోగులుంటాయని చాలామందికి తెలియదు, పేరు చూసి కాగితమే అనుకుంటారు. ముక్కుకి చేతిరుమాలు. తను నెలసరికి సిలికాన్ కప్పుకి మళ్లీ వచ్చింది, ప్రసవం తర్వాత డాక్టరుగారు సరేనన్నాకే. నెలకోసారి మరిగించి పెట్టుకుంటే ఏళ్లపాటు పనిచేస్తుంది. తనకి దానితో ఉన్న సుఖం నాకు ఈ డైపర్లతో ఇంకా రాలేదు, అది ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం పాపని ఏమీ తొడక్కుండా పాత దుప్పటి మీద వదిలేశాం, గాలి తగలాలని. బోర్లా పడి, కాళ్లాడిస్తూ, దుప్పటి మూడుసార్లు తడిపింది. నాలుగింటికి ఎరుపు కొంచెం తేలికపడింది.

ఎండ వాలకముందే గుడ్డలు తెచ్చాను. గరుకుగా ఉన్నాయి, నాలుగుసార్లు దులిపి నలిపితే మెత్తబడ్డాయి. ఒకటి తీసి పాపకి వేశాను. ఇద్దరం గడియారం వైపు చూస్తూ కూర్చున్నాం. పదిహేను నిమిషాలకి మొహం ఎర్రగా పెట్టి, ఆలోచిస్తున్నట్టు ఒక క్షణం ఆగింది. తడిపింది. కావాలనే ఇంకో పది నిమిషాలు ఆగి విప్పాను. ముక్కుకి దగ్గరగా పెట్టుకున్నాను. నా ముక్కు మీద నాకే నమ్మకం లేక తనకిచ్చాను.

రెండుసార్లు గట్టిగా పీల్చి, “ఏమీ లేదు” అంది.

రాత్రికి మాత్రం పారేసేదే వేశాను, ఒళ్లు పూర్తిగా మానలేదు కదా. మిగిలిన పదిహేడూ మడతపెట్టి అరలో సర్దాను. సబ్బు డబ్బాలోంచి పాత చెంచా తీసేసి కొలత గిన్నె వేశాను.