నెర్హా: కొండ వైపు తిరిగి చూడవలసిన సముద్రతీర పట్టణం

స్పెయిన్ దక్షిణ తీరంలో, మాలగా నగరానికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో నెర్హా అనే చిన్న పట్టణం ఉంది. ఇరవై వేల పైచిలుకు జనాభా గల ఈ ఊరికి వేసవిలో ఐరోపా నలుమూలల నుంచి జనం వస్తారు. వారిలో చాలామంది ఇసుకలో కుర్చీలు వేసుకుని, సముద్రంలో మునకలు వేస్తూ సెలవులు గడిపి వెళ్తారు. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. అయితే సెప్టెంబరు చివరలో అక్కడికి వెళ్లి, ఊరినీ చుట్టుపక్కల పల్లెలనూ వీలైనంత వరకు కాలినడకన తిరిగి చూసిన తర్వాత నాకు ఒక విషయం బలంగా అనిపించింది. నెర్హా ఎలా బతికిందో తెలుసుకోవాలంటే సముద్రానికి వీపు పెట్టి, ఊరి వెనుక నిట్టనిలువుగా లేచిన అల్మిహారా పర్వతాల వైపు చూడాలి. ఆ కొండల నుంచి దిగివచ్చే నీళ్లతోనే ఇక్కడ శతాబ్దాల పాటు చెరకు పండింది. పొలాలు, మిల్లులు, చివరికి భోజనంలోని వంటకాలు కూడా ఆ చెరకు చుట్టూనే అల్లుకున్నాయి.

నెర్హాకు రైలు మార్గం లేదు. మాలగా నుంచి బస్సులో రావాలి. బస్సు తీరం వెంట తూర్పుకు సాగుతున్నకొద్దీ ఎడమ చేతి వైపు కొండలు దగ్గరవుతూ, వాటి వాలులను మెట్లు మెట్లుగా చెక్కి వేసిన మామిడి, అవొకాడో తోటలు కనిపిస్తాయి. అనకాపల్లి దగ్గర చెరకు పొలాల మధ్య పెరిగిన నాకు, ఐరోపాలో కిటికీ పక్కన మామిడి చెట్లు కనిపించడం ఎంతో సంతోషం కలిగించింది. ఉత్తరాన ఉన్న పర్వతాలు చలిగాలులను అడ్డుకోవడం వల్ల ఈ తీరంలో చలికాలం కూడా మృదువుగా ఉంటుంది. ఉష్ణదేశపు పంటలు ఇక్కడ నిలదొక్కుకోవడానికి అదే కారణం.

ఊరికి నడిబొడ్డున, సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి కొమ్ము మీద బాల్కన్ దె యూరోపా అనే విశాలమైన వేదిక ఉంది. ఒకప్పుడు ఇక్కడ సముద్రపు దొంగల నుంచి తీరాన్ని కాపాడిన కోట ఉండేది. స్పెయిన్‌ను నెపోలియన్ సైన్యాలు ఆక్రమించిన కాలంలో, 1812లో, ఫ్రెంచి వారి చేతిలో ఉన్న ఆ కోటను ఆంగ్లేయుల నౌకలు ఫిరంగులతో కూల్చివేశాయి. అంచున నిలిపి ఉంచిన పాత ఫిరంగులు ఆ కాలానివి. వాటి పక్కనే, ఇనుప కమ్మీకి ఆనుకుని నిలబడినట్టుగా పన్నెండో అల్ఫోన్సో రాజు కంచు విగ్రహం ఉంది. 1884 డిసెంబరు 25 రాత్రి దక్షిణ స్పెయిన్ ప్రాంతమైన ఆండలూసియాను వణికించిన భూకంపంలో వందలాది మంది చనిపోగా, బాధిత ప్రాంతాలను చూడడానికి ఆయన 1885 జనవరిలో ఇటు వచ్చాడు. ఈ వేదికకు ఆ పేరు పెట్టింది ఆయనేనని ఊరివారు చెప్పుకుంటారు. అదే సంవత్సరం నవంబరులో, 28 ఏళ్లయినా నిండకుండానే, ఆ యువ రాజు క్షయతో కన్నుమూశాడు. విగ్రహంతో ఫొటోలు దిగే వారి రద్దీలో ఈ సంగతి గుర్తు చేసుకునే వ్యవధి ఉండదు. ఉదయం ఎనిమిదింటికి ముందే వెళ్తే, తూర్పున కలఓండా తీరపు చిన్న ఇసుక తిన్నె, దాని వెనుక బురియానా, ఆపైన కొండల వరస ఒక్క చూపులో అందుతాయి.

బురియానా ఇక్కడి అతి పెద్ద తీరం. కట్టెల పొయ్యి మీద బండి చక్రమంత వెడల్పున్న పెనంలో పాయెల్యా అనే అన్నం వండి వడ్డించే భోజనశాలలు అక్కడ ఉన్నాయి. ఈతకు, పిల్లలతో కాలక్షేపానికి అది సరిపోతుంది. అంతకంటే దాని గురించి రాయవలసింది నాకు కనిపించలేదు.

నెర్హా నుంచి మారో అనే పల్లెకు పాత రహదారి వెంట నడుస్తూ వెళ్తే, ఎడమ వైపు లోయను దాటుతూ నాలుగు అంతస్తుల ఇటుక కమానుల కట్టడం హఠాత్తుగా ఎదురవుతుంది. మొదటి చూపులో రోమన్ల నాటిదని అనిపిస్తుంది కానీ, ఇది 19వ శతాబ్దం చివరిలో కట్టిన నీటి వంతెన. దీని పేరు అక్వెదుక్తో దెల్ ఆగిలా. మొత్తం 37 కమానులు ఉన్నాయి. పై వరస మధ్యలో చిన్న శిఖరం, దాని మీద గాలి దిశను చూపే రెండు తలల గద్ద బొమ్మ ఉన్నాయి. మారోలోని సాన్ హోవాకిన్ చక్కెర మిల్లుకు నీరు అందించడం కోసం దీన్ని నిర్మించారు. పంచదార మిల్లు కోసం ఇంత శ్రద్ధగా, ఇంత అందంగా ఒక కాలువను లోయ దాటించిన మనుషుల పట్ల నాకు గొప్ప గౌరవం కలిగింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో దెబ్బతిన్నప్పటికీ దీన్ని తర్వాత బాగు చేశారు. ఇప్పటికీ దీని మీదుగా సాగునీరు పారుతోంది. రహదారి పక్కన చూడడానికి వీలుగా ఒక చోటు కట్టారు. సాయంత్రపు ఎండ ఇటుకల మీద పడే వేళకు అక్కడ ఉండడం మంచిది.

చెరకు ఇక్కడికి చేరిన దారి పొడవైనది. మన దేశం నుంచి పర్షియాకు, అక్కడి నుంచి అరబ్బుల ద్వారా మధ్యధరా తీరానికి, వారితో పాటే ఆండలూసియాకు ఈ పంట వచ్చింది. కొండల నీటిని చిన్న కాలువల్లోకి మళ్లించి పొలాలకు పారించే పద్ధతిని కూడా వారే ఇక్కడ విస్తరించారు. దాదాపు వెయ్యేళ్ల పాటు ఈ తీరంలో చెరకు పండింది. బీట్ దుంపల పంచదార పోటీ, పర్యాటకంతో పెరిగిన భూముల ధరలు, అవొకాడో వంటి పంటల లాభాలు కలిసి దాన్ని వెనక్కి నెట్టాయి. పొరుగున ఉన్న గ్రనాడా తీరంలో చివరి మిల్లు 2006లో మూతపడింది. మారోలో ఆనాటి మిల్లు శిథిలాల దగ్గర నిలబడినప్పుడు, మా ప్రాంతంలో సహకార చక్కెర కర్మాగారాలు ఆగిపోయిన తర్వాత ఖాళీ అయిన ఊళ్లు నాకు గుర్తుకు వచ్చాయి. ఇక్కడ ఆ ఖాళీని పర్యాటకం నింపింది. అందరికీ ఆ అవకాశం దొరకదు.

మారో దగ్గరే నెర్హా గుహ ఉంది. 1959 జనవరి 12న మారోకు చెందిన ఐదుగురు కుర్రవాళ్లు, ఒక బిలం నుంచి గబ్బిలాలు బయటికి వస్తుండడం చూసి, వాటి కోసం లోపలికి దిగారు. ఇరుకు సందు దాటడానికి అడ్డంగా ఉన్న రాతి ఊడలను విరగ్గొట్టి ముందుకు వెళ్తే, ఊహించనంత పెద్ద మందిరాలు, కుండల పక్కన మనుషుల అస్థిపంజరాలు కనిపించాయి. వారు పరుగున వెళ్లి పెద్దలకు చెప్పారు. సరిగ్గా పదిహేడు నెలలకు, 1960 జూన్ 12న, లోపలే ఒక బాలే నృత్య ప్రదర్శనతో గుహను ప్రజలకు తెరిచారు.

గుహ మొత్తం పొడవు ఐదు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. సందర్శకులకు అనుమతి ఉన్నది అందులో మూడో వంతుకు మాత్రమే. లోపల ఏడాది పొడవునా 19 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. సున్నం కలిసిన నీటి చుక్కలు పైనుంచి రాలుతూ, పైన ఊడలుగా, కింద మొనలుగా పేరుకుని, చివరికి ఒకదానితో ఒకటి కలిసి స్తంభాలవడం బొర్రా గుహలు చూసిన వారికి తెలిసిన ప్రక్రియే. కానీ ఇక్కడి పరిమాణం వేరు. కాతాక్లిస్మో అనే మందిరంలో 32 మీటర్ల ఎత్తున నిలిచిన స్తంభం ముందు తల పూర్తిగా వెనక్కి వాల్చినా పైకొస అందలేదు. దాని చుట్టూ, ఏనాటి భూకంపంలోనో విరిగిపడిన భారీ రాతి దుంగలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. వాటి మీద కొత్త చుక్కలు రాలి మళ్లీ మొనలు పెరుగుతున్నాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం కంటికి కనిపించని భాగం. లోపలి గదుల్లో ఆదిమానవులు గీసిన ఎర్రటి గుర్తులు, జంతువుల బొమ్మలు ఉన్నాయి. మన ఊపిరి తేమ వల్ల అవి పాడవకుండా ఆ గదులను పరిశోధకులకే పరిమితం చేశారు. రాతి పొరల్లో చిక్కుకున్న దివిటీల మసినీ బొగ్గునూ పరిశీలించి, మనుషులు ఈ గుహలోకి రావడం 41,000 సంవత్సరాల కిందటే మొదలైందని శాస్త్రవేత్తలు 2023లో ప్రకటించారు. చూడడానికి వీల్లేదని చెప్పినప్పుడు మా గుంపులో కొందరు నిరాశపడ్డారు. నాకు మాత్రం ఆ తలుపులు మూసి ఉంచడమే సబబనిపించింది. గుహలో దొరికిన వస్తువులను ఊరి మధ్యలో ఉన్న మ్యూజియంలో ప్రదర్శించారు. వేల ఏళ్ల నాటి ఒక యువతి అస్థిపంజరం కూడా అక్కడ ఉంది. గుహకు వెళ్లే ముందే మ్యూజియం చూస్తే, లోపల మనం నడిచే చోట ఎవరు నివసించారో మనసులో ఉంటుంది. గుహ టికెట్లు గంటల వారీగా ఇస్తారు కనుక ముందుగా కొనుక్కోవడం మేలు.

మారో నుంచి తూర్పున సెర్రో గోర్దో వరకు ఉన్న కొండచరియల తీరాన్ని, దాన్ని ఆనుకున్న సముద్రాన్ని కలిపి రక్షిత ప్రాంతంగా 1989లో ప్రకటించారు. నీటి అడుగున పొసిడోనియా అనే సముద్రపు గడ్డి పచ్చిక బయళ్లు ఉన్నాయి. చిన్న చేపలకు అవే నర్సరీలు. చరియల కొసల మీద పాత కావలి బురుజులు కనిపిస్తాయి. కయాక్ పడవలో తెడ్డు వేసుకుంటూ మార్గదర్శకుడితో కలిసి వెళ్తే, కొండ మీద నుంచి నేరుగా సముద్రంలోకి దూకే మారో జలపాతం కిందికి చేరవచ్చు. ఈత రాని వారు కూడా లైఫ్ జాకెట్ వేసుకుని వస్తున్నారు. గాలి తక్కువగా ఉండే ఉదయం పూట ప్రయాణం సులువు. తూర్పు గాలి లేచిన రోజున పడవలు కదలవు.

నెర్హాకు ఉత్తరాన ఆరేడు కిలోమీటర్ల దూరంలో కొండ మీద ఉన్న ఫ్రిహిలియానాను చూడకుండా ఈ యాత్ర పూర్తి కాదు. బస్సు దిగి పాత వీధుల్లోకి ఎక్కితే సున్నం కొట్టిన తెల్లటి గోడలు, గులకరాళ్లు పొదిగిన మెట్లు, గుమ్మాల పక్కన పూలకుండీలు కనిపిస్తాయి. ఇంత ప్రశాంతంగా ఉన్న ఊరికి భయంకరమైన గతం ఉంది. ముస్లింలు ఏలిన గ్రనాడా రాజ్యం పతనమయ్యాక బలవంతంగా మతం మార్చబడిన ముస్లింల సంతతి వారు 1568లో తిరుగుబాటు చేశారు. 1569 జూన్‌లో ఈ ఊరికి పైన ఉన్న కొండ శిఖరం మీద వారిని రాజు సైన్యం చుట్టుముట్టి వేల సంఖ్యలో చంపింది. ఆ కథను వీధి గోడల మీద రంగు పలకల్లో ఘట్టాలుగా రాసి పెట్టారు. తమ ఊరి పూర్వులను ఎలా తుడిచిపెట్టారో ఇప్పటి ఊరివారు తమ గోడల మీదే రాసుకోవడం నేను ఎంతో మెచ్చుకున్న విషయం. ప్రతి పలక దగ్గరా ఆగి చదవండి.

ఊరి ప్రవేశంలోనే 16వ శతాబ్దం చివరలో కట్టిన ఎల్ ఇన్‌హేనియో అనే పెద్ద భవనం ఉంది. ఆ ప్రాంతపు ప్రభువులైన మన్రికె దె లారా వంశీయులు కట్టించిన ఈ భవనంలో ఇప్పటికీ మియెల్ దె కాన్యా, అంటే చెరకు పాకం, తయారవుతోంది. పేరులో తేనె అని ఉన్నా ఇది చెరకు రసాన్ని చిక్కగా, నల్లగా అయ్యే వరకు కాచిన పాకమే. భవనం ముందుకు రాగానే వచ్చిన వాసన మా ఊళ్లో సంక్రాంతి ముందు బెల్లం పొయ్యిల దగ్గర వచ్చే వాసనే. ఇక్కడి దుకాణాల్లో సీసాలు అమ్ముతారు. నేను ఇంటికి తెచ్చినది అదొక్కటే.

ఆ పాకం రుచి తెలియాలంటే వంకాయలు తినాలి. వంకాయను పలుచని చక్రాలుగా తరిగి, పిండిలో దొర్లించి, ఆలివ్ నూనెలో కరకరలాడేలా వేయించి, పైన ఈ పాకం ధారగా పోస్తారు. ఉప్పు, తీపి, చిరుచేదు కలిసిన ఆ రుచి మనవారికి వెంటనే నచ్చుతుంది. శాకాహారులకు ఇది ధైర్యంగా అడగదగిన వంటకం. బాదం, వెల్లుల్లి, రొట్టె కలిపి రుబ్బి చల్లగా ఇచ్చే అహోబ్లాంకో మరొకటి. అందులో ద్రాక్షపళ్లు వేస్తారు. మాంసం వేశారేమో అడిగేటప్పుడు పంది తొడ మాంసం, చేప ముక్కలు కూడా విడిగా పేర్కొని అడగాలి, ఎందుకంటే కొన్ని చోట్ల వాటిని మాంసం కింద లెక్కించరు. చేపలు తినేవారు తీరంలో ఎస్పేతో తినాలి. ఇసుక నింపిన పాత పడవలో కట్టెల నిప్పు వేసి, వెదురు పుల్లకు గుచ్చిన సార్డీన్ చేపలను, అంటే మన కవళ్ల జాతి చేపలను, నిప్పు పక్కన నిలిపి కాలుస్తారు. గాలి ఎటు వీస్తోందో చూసి పుల్లలను మారుస్తూ ఉండే ఆ వంటవాడి నేర్పును చూడడమే ఒక పని. మధ్యాహ్నం రెండు దాటాక చాలా దుకాణాలు సాయంత్రం దాకా మూసి ఉంటాయి. రాత్రి భోజనం తొమ్మిది తర్వాతే. ఆ వేళలకు తగినట్టు ఆకలిని సర్దుకోవాలి.

సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఇక్కడ మామిడి కోతల కాలం. సంతలో ఊదా రంగు తొక్క గల ఓస్టీన్ రకం పళ్లు గుట్టలుగా పోస్తారు. పీచు లేని, మెత్తని పండు. బంగినపల్లి అంత సువాసన ఉండదు కానీ తీపి నిండుగా ఉంటుంది. శీతాకాలంలో వస్తే సీతాఫలానికి దగ్గర బంధువైన చిరిమోయా పండు దొరుకుతుంది. ఈ తోటలకు నీరే ఇప్పుడు పెద్ద చింత. మాలగా జిల్లాలో అతి పెద్ద జలాశయమైన లా విన్యుఎలా ఇటీవలి కరువులో అడుగంటినప్పుడు రైతులు చెట్లను కొట్టివేయవలసి వచ్చింది. హోటల్ గదిలో నీళ్లు పొదుపుగా వాడమని పెట్టిన చీటీని చూసినప్పుడు దాన్ని పాటించడం మన బాధ్యత. సంతలో పళ్లు కొనేటప్పుడు దిగుమతివి కాకుండా ఈ కొండల్లో పండినవి అడిగి తీసుకుంటే, ఆ డబ్బు నేరుగా ఇక్కడి తోటలకు చేరుతుంది. అమ్మేవారు ఏ పల్లె నుంచి తెచ్చారో ఇష్టంగా చెబుతారు.