గుడి కప్పు మీద 180 ప్యానెళ్లు

మాది న్యూజెర్సీలో ఒక చిన్న గుడి. సోలార్ పెట్టిద్దామన్న మాట ప్రతి జనరల్ బాడీలోనూ వచ్చేది, ప్రసాదాల వేళకి చల్లారిపోయేది. సొంతింటికి పెట్టించుకున్నవాళ్లకి ఖర్చులో 30 శాతం పన్నులో కలిసొచ్చేది, దాన్నే క్రెడిట్ అంటారు. గుడి అసలు పన్నే కట్టదు, ఇక కలిసొచ్చేదేముంది?

2022 ఆగస్టులో ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం వచ్చాక లెక్క మారింది. పన్ను కట్టని 501(సి)(3) సంస్థ, అంటే గుడిలాంటి ధర్మసంస్థ అయినా సరే, రిటర్ను వేస్తే ఆ క్రెడిట్ మొత్తాన్ని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) డబ్బు రూపంలో ఇస్తుంది. చట్టంలో దీని పేరు ఎలెక్టివ్ పే, అందరూ డైరెక్ట్ పే అంటారు. అప్పటికి ట్రెజరర్ని నేనే కాబట్టి ఫైలు నా నెత్తిన పడింది.

180 ప్యానెళ్లు, 72 కిలోవాట్లు, ఖర్చు 1,98,000 డాలర్లు. ఒక మెగావాట్‌లోపు ప్రాజెక్టు కాబట్టి పనివాళ్లకి ఇంత కూలీ ఇవ్వాలన్న ప్రభుత్వ షరతులతో పని లేకుండానే 30 శాతం, అంటే 59,400. ఇన్‌స్టాలర్ మాత్రం కప్పు రిపేరుకైన 22,000 కూడా కలిపేసి క్రెడిట్ ఇంకా ఎక్కువ చూపించాడు. మామూలు కప్పు పని సోలార్ కిందికి రాదని మా సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంటు) దాన్ని కొట్టేశారు.

అసలు గండం చందాల్లో వచ్చింది. కుటుంబానికో ప్యానెల్, 1,116 డాలర్లు అని ప్రకటించాం. జనం ఉత్సాహం చూడాలి! ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి, "బాబూ, ప్యానెల్ మీద మా గోత్రనామాలు రాయిస్తారా?" అని అడిగారు. పైకెక్కి ఎవరు చదువుతారమ్మా అనబోయి ఊరుకున్నాను. 96 రసీదులు తెగాక సీపీఏకి చూపిస్తే ఆయన మొహం మారింది. ఫలానా సోలార్ కొనడానికే అని ఇచ్చిన విరాళాలూ, క్రెడిట్టూ కలిపి అసలు ఖర్చు దాటకూడదట. దాటిన మేరకు క్రెడిట్ కోసేస్తారు. కాగితం మీద వేసి చూసుకున్నాం: 1,98,000లోంచి 59,400 తీస్తే 1,38,600. దాన్ని 1,116తో భాగిస్తే 124 ప్యానెళ్లు. 180 మందితోనూ కట్టించి ఉంటే క్రెడిట్ సున్నా! 124వ రసీదు దగ్గర ఆ పథకం ఆపేశాం. ఆ తర్వాత వచ్చినవాళ్లకి విషయం చెప్పి, జనరల్ ఫండ్‌కి ఇష్టమైతేనే ఇమ్మన్నాం. మిగతా ఖర్చు గుడి పొదుపులోంచి పెట్టాం.

రెండో పొరపాటు పూర్తిగా నాదే. ప్యానెళ్లు 2023 నవంబరులో ఎక్కాయి కాబట్టి క్రెడిట్ 2023 సంవత్సరానిదేనని కమిటీకి చెప్పేశాను. కానీ కరెంటు కంపెనీ స్విచ్చి వేసుకోవడానికి అనుమతి ఇచ్చింది 2024 ఫిబ్రవరిలో. వాడకంలోకి వచ్చిన ఏడాదే లెక్క. ఒక్క మాటతో డబ్బు ఏడాది వెనక్కి పోయింది. ప్రెసిడెంట్‌గారు ఏమీ అనలేదు గానీ, ఆ నెల మీటింగులో నాకు కాఫీ పోయలేదు.

ఐఆర్‌ఎస్ పోర్టల్లో ముందే రిజిస్టర్ చేసుకోవాలి. రిటర్ను గడువుకి కనీసం 120 రోజుల ముందు చేసుకోమని వాళ్ల సలహా. గుడి పేరు ఈఐఎన్ (ఐఆర్‌ఎస్ ఇచ్చే సంస్థ నంబరు) కాగితంలో ఎలా ఉందో అచ్చంగా అలాగే కొట్టాను, బోర్డు మీది స్పెల్లింగు వేరే. అనుమతి లేఖ, బిల్లులు, కాంట్రాక్టు అప్‌లోడ్ చేశాక రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది. అది లేనిదే రిటర్ను వేసి లాభం లేదు.

గుడి కాబట్టి ధర్మసంస్థలు ఏటా వేసే ఫారం 990 ఏనాడూ వేయనక్కర్లేకపోయింది. అయినా దీనికోసం 990-టీ అనే రిటర్ను వేయాల్సిందే, దానికి క్రెడిట్ ఫారాలు 3468, 3800 జతచేసి. గడువు 2025 మే 15. ఎంత ముందు వేసినా గడువు తేదీ దాకా చెల్లింపు జరిగినట్టు లెక్క కాదు, అందుకని తొందరపడలేదు. ఆగస్టులో 59,400 గుడి ఖాతాలో పడ్డాయి. పంతులుగారికి ఫోన్ చేసి చెబితే, "మరి కప్పు రిపేరు బాకీ తీర్చేద్దామా?" అన్నారు. లోకజ్ఞానం ఆయనదే.

ఇప్పుడు ఆలోచిస్తున్నవాళ్లకి టైము తక్కువ. 2025 జూలై 4న వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై 4 తర్వాత పని మొదలుపెడితే 2027 చివరికల్లా వాడకంలోకి తెస్తేనే క్రెడిట్. 2026 నుంచి మొదలయ్యే పనులకి ప్యానెళ్లూ ఇన్వర్టర్లూ ఏ దేశంవన్న షరతులూ ఉన్నాయి. సంతకం చేసే ముందే సీపీఏని అడగండి.

మొన్న కమిటీ వంటశాల పెంచుదామంది, దక్షిణం వైపు కప్పు తీసేసి. ఐదేళ్లలోపు ప్యానెళ్లు తీసేసినా, అమ్మేసినా క్రెడిట్‌లో కొంత వెనక్కి కట్టాలి. 2029 ఫిబ్రవరి దాకా ఆగండని చెప్పాను. ప్రస్తుతానికి పులిహోర పాత వంటింట్లోనే.