ఆరో తారీఖు రాత్రి డీజే వద్దన్నాను

మొన్న ఆదివారం మా ఊరి నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. వరసకి వాడికి నేను అత్తనవుతాను. "అత్తయ్యా, ఈ నవంబరు ఆరుకి తుఫానొచ్చి ముప్ఫై ఏళ్లండి. రామాలయం దగ్గర గట్టిగా చేద్దామనుకుంటున్నామండి. పొద్దున్న హోమం, మధ్యాహ్నం అన్నసంతర్పణ, రాత్రికి డీజే. రెండ్రోజుల్లో దీపావళి ఎలాగూ ఉంది కాబట్టి బాణసంచా కూడానండి. చందా ఎంత రాసుకోమంటారు?"

రేపు చెప్తానని పెట్టేశాను. వాడి మీద నాకు కోపం రాలేదు. తుఫాను తర్వాత ఏడెనిమిదేళ్లకి పుట్టినవాడు. వాడికది పెద్దవాళ్లు చెప్పుకునే కథ. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1996లో నేను ఎనిమిదో తరగతి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. ఆ ఏడు దీపావళి నవంబరు 10, ఆదివారం. మా చిన్నాన్న ఏటా ఇంట్లోనే మతాబులు చేసేవాడు. మా పాత నోటు పుస్తకాల కాయితాలు మైదా జిగురుతో గొట్టాలు చుట్టడం నా పని. సూరేకారం, గంధకం, బొగ్గుపొడి కలిపి మందు కూరడం ఆయన పని, అది మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. చేటల్లో పోసి అరుగు మీద ఎండబెట్టేవాళ్లం. బుధవారం పొద్దున్నే ముసురు పట్టింది. చేటలన్నీ తీసి, వెచ్చగా ఉంటుందని పొయ్యి పైన అటక మీద పెట్టాడు. తుఫానని రేడియోలో చెప్పారు. ఏటా చెప్పేదే కదా అని మా వీధిలో ఎవరూ కదల్లేదు.

చీకటి పడ్డాక గాలి మొదలైంది. దాన్ని గాలి అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. రైలు ఇంటి మీద నుంచి పోతూ, ఎంతకీ అయిపోకుండా ఉన్నట్టు ఒకటే హోరు. పక్కనున్న అమ్మ మాట్లాడుతుంటే పెదాలు కదలడం కనపడేది, మాట వినపడేది కాదు. గేదెల పలుపులు విప్పేసి వస్తానని చిన్నాన్న వెళ్లాడు. కొబ్బరిచెట్టు పాక మీద పడింది. తెల్లారేదాకా మాకు తెలియలేదు.

పొద్దున్న చూస్తే తోటే లేదు. చెట్లన్నీ ఒకే వైపుకి పడుకున్నాయి. దారి ఎక్కడుందో తెలియక పాడెని మానుల మీద నుంచి ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుంటూ తీసుకెళ్లారు. ఊళ్లో ఎండు కట్టె ఒక్కటి లేదు. మా నాన్న వంటింటి కప్పు విప్పి, ఆ దూలాలిచ్చాడు.

కోనసీమలో ఆ రాత్రికి సుమారు వెయ్యిమంది పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు సముద్రమే ఊళ్లమీదకొచ్చింది. వేటకెళ్లిన పడవల్లో తిరిగి రానివి ఎన్నో. మాకు చేపలు తెచ్చే ఆవిడ భర్త అలా పోయినవాడే. ఆవిడకి శవం దొరకలేదు, తిథి తెలియదు. పోయిన రోజు తెలియనివాళ్లకి పెట్టుకునే మహాలయ అమావాస్యనాడే ఆయనకీ పెట్టుకుంటుంది. నా ఏడుపుకి ఒక రోజుంది, ఆవిడకి అదీ లేదు. అందుకే ఊరంతా కలిసి ఆరో తారీఖు చేసుకోవడం అక్కర్లేదని నేననను. ఆవిడకి అది కావాలి.

సంతోషం తప్పనీ అనలేను. చిన్నాన్న తద్దినం ఏటా దీపావళికి నాలుగు రోజుల ముందొస్తుంది. గారెలు, పాయసం వండి పదిమందికి పెడతాం. అదీ విందే. చిన్నాన్న పోయిన ఆ ఏడు మాకు పండగ లేదు. సంవత్సరీకం అయ్యాక వచ్చిన దీపావళికి, మా నాన్నమ్మ నిచ్చెన వేయించి అటక మీద చేటలు దింపించింది. కప్పు విప్పినా ఆ అటక మూల పెంకులు ఎలాగో నిలిచాయి. మతాబులు చెమ్మెక్కి రంగు మారాయి. వారం రోజులు ఎండలో పెట్టింది. మేమెవరం చెయ్యి చాపలేదు. "వాడు మీకోసమే కదర్రా చేశాడు" అని తనే మొదటిది అంటించింది. సగం వెలగలేదు. వెలిగినవాటిని ఎవరం మాట్లాడకుండా చివరిదాకా పట్టుకున్నాం.

మర్నాడు కుర్రాడికి చేశాను. నాకు డీజే నచ్చలేదని చెప్తే వాడూ ఊరుకోలేదు. "పీర్ల పండగ మాత్రం చావుల్ని తలుచుకునేది కాదాండి? డప్పులు కొట్టరా? కలరాలూ మశూచీలూ వచ్చినప్పుడే కదండీ మన అమ్మవారి జాతరలు మొదలైంది?" నిజమే. చదువుకున్నవాడు, బాగా అడిగాడు. నేను కాసేపు ఆలోచించి చెప్పాను: జాతరలో భయం ఉంటుందిరా. మళ్లీ రావద్దు తల్లీ అని మొక్కుతారు. నిప్పుల గుండం ముందు పీరు పట్టుకున్నవాడి మొహం చూశావా? నువ్వు చెప్పిన కార్యక్రమంలో తుఫాను ఎక్కడుంది? బ్యానరు తీసేస్తే అది ఎవరి పెళ్లి ఊరేగింపైనా కావచ్చు.

అయినా వాణ్ణి నిజంగా ఆపింది నేను కాదు, మా పిన్ని. అప్పటికి ఆవిడకి ఇరవై ఏడేళ్లు. చిన్నాన్న ఇంట్లోనే ఇప్పటికీ ఒక్కతే ఉంటుంది, రామాలయానికి నాలుగిళ్ల అవతల. డీజే సంగతి చెప్తే కాసేపు పలకలేదు. "అయితే ఆ రాత్రికి కాకినాడ నీ దగ్గరకొచ్చేస్తానే" అంది. "మొన్న పెళ్లిలో పెట్టారు. గోడలు అదురుతుంటే మంచం కింద దూరాను. ఆ హోరే." ముప్ఫై ఏళ్లలో ఆవిడ ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. అదే కుర్రాడికి చెప్పాను. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. "డీజే లేదండి" అన్నాడు.

అప్పుడు నేను నాకు తోచింది అడిగాను. భోజనాలు రామాలయం దగ్గర కాదు, ఊరి చివర తుఫాను షెల్టర్లో పెట్టండి. పోయినేడు అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మన ముసలాళ్లని అక్కడికి చేర్చడానికి ఎంత బతిమాలాల్సొచ్చిందో నువ్వే చెప్పావు కదా. తాళం ఎవరి దగ్గరుందో చూడండి, మెట్లు కడగండి, నీళ్ల ట్యాంకు నింపండి, మేడ మీదే వంట చేయించండి. చిన్నపిల్లలు వాళ్లంతట వాళ్లు నడుచుకుంటూ రావాలి. గారెలుండాలి. రాత్రికి బాణసంచా కాల్చకండి, దీపావళికి ఎన్నైనా కాల్చుకోండి, కావాలంటే నేనూ కొనిస్తాను. సాయంత్రం మైకులో పోయినవాళ్ల పేర్లు చదవండి. బలుసుతిప్ప నుంచి మా చేపలావిడని నేనే కారులో తీసుకొస్తాను, ఆవిడ భర్త పేరు కూడా చదవాలి.

"ఎన్ని పేర్లండి?" అన్నాడు, రాసుకోవడానికి.

చెప్పడం మొదలుపెట్టాను. మా ఊళ్లో పోయింది పదకొండుమంది. ఏడుగురి పేర్లు చెప్పాక ఆగిపోయాను. ఎనిమిదోది కొబ్బరికాయల దింపు తీసే ఆయన కూతురు. నాకంటే రెండేళ్లు చిన్నది, రోజూ మా అరుగు మీద అచ్చంగిల్లాలాడేది. ఎంత గింజుకున్నా పేరు రాలేదు. పిన్నికి చేస్తే ఆవిడకీ గుర్తు రాలేదు. వాళ్ల నాన్న ఇంకా ఉన్నాడు, చెరువుగట్టు మీద ఇల్లు. ఈ శనివారం కుర్రాణ్ణి తీసుకుని వెళ్తున్నాను.